అనుమానం ఇంజన్ మీద, లాభం టైరు దగ్గర

మట్టి పరచిన అండాకారపు ట్రాకుల మీద పరుగెత్తడానికి తప్ప మరే పనికీ కొరగాని వాహనం స్ప్రింట్ కారు. దీనికి స్టార్టర్ ఉండదు, క్లచ్ ఉండదు, గేర్లు మార్చే ఏర్పాటూ ఉండదు; వెనక నుంచి మరో బండి నెడితేనే ఇంజన్ అందుకుంటుంది. ఉక్కు గొట్టాలతో అల్లిన చట్రం, ముందుభాగంలో ఎనిమిది సిలిండర్ల ఇంజన్, నెత్తిన 25 చదరపు అడుగుల విస్తీర్ణం గల అల్యూమినియం రెక్క, ఎడమవైపు కంటే పెద్దదిగా ఉండే కుడి వెనక టైరు దీని ప్రధాన లక్షణాలు. డ్రైవరుతో కలిపి సుమారు 635 కిలోలు తూగే ఈ కారుకు, పై తరగతిలోనైతే, 900 హార్స్‌పవర్‌కు అటూ ఇటూగా శక్తి ఉంటుంది. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఉన్న నాక్స్‌విల్ అనే చిన్న పట్టణం ఈ క్రీడకు రాజధాని వంటిది; అక్కడి అరమైలు ట్రాకు మీద 1961 నుంచి ‘నాక్స్‌విల్ నేషనల్స్’ పోటీలు జరుగుతున్నాయి. ఊరూరా తిరిగే వృత్తి డ్రైవర్లందరినీ ఒక గొడుగు కిందికి తెచ్చిన ‘వరల్డ్ ఆఫ్ అవుట్‌లాస్’ పోటీల పరంపర 1978లో మొదలైంది.

ఈ క్రీడలో ఇంజన్ల పరిమాణాన్ని బట్టి తరగతులు ఏర్పడ్డాయి. పిస్టన్లు పైకీ కిందికీ కదిలేటప్పుడు అన్ని సిలిండర్లలోనూ కలిపి ఖాళీ చేసే మొత్తం ఘనపరిమాణాన్ని ఇంజన్ సామర్థ్యం అంటారు. పై తరగతిలో ఇది 410 ఘనపుటంగుళాలకు, అంటే సుమారు 6.7 లీటర్లకు మించకూడదు. దాని కింద 360 ఘనపుటంగుళాల తరగతి, ఆ కింద 305 ఘనపుటంగుళాల తరగతి ఉన్నాయి. నియమం చూడటానికి సులువుగానే ఉంటుంది కానీ, ఇంజన్ ఖర్చు ఆకాశాన్ని అంటడానికి కారణం కూడా ఈ నియమం రాసిన తీరులోనే ఉంది. ఇంజన్ శక్తి మూడు అంశాల మీద ఆధారపడుతుంది: సామర్థ్యం, ప్రతి పేలుడులో పిస్టన్ మీద పడే సగటు ఒత్తిడి, నిమిషానికి ఎన్ని సార్లు ఇంజన్ తిరుగుతుందనేది. మొదటిదాన్ని కట్టడి చేసి మిగిలిన రెండింటినీ స్వేచ్ఛగా వదిలేస్తే డబ్బంతా ఆ రెండింటి వైపే ప్రవహిస్తుంది. ఒత్తిడి పెరగాలంటే గాలి ఇంకా సాఫీగా సిలిండర్‌లోకి వెళ్ళాలి, అందుకు సిలిండర్ హెడ్‌లోని గాలి దారులను గంటల తరబడి మలచాలి. వేగం పెరగాలంటే కదిలే భాగాల బరువు తగ్గాలి, ఎందుకంటే పిస్టన్‌ను ఆపి వెనక్కి తిప్పడానికి కావలసిన బలం వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 7,000 నుంచి 8,000 చుట్లకు వెళ్ళాలంటే వేగం పెరిగేది ఏడింట ఒక వంతే అయినా, ఆ బలం దాదాపు మూడో వంతు పెరుగుతుంది. టైటానియం వాల్వులు, ఖరీదైన స్ప్రింగులు, తేలికపాటి క్రాంక్‌షాఫ్టులు ఈ లెక్క నుంచి పుట్టినవే. కొత్త 410 ఇంజన్ ధర యాభై వేల డాలర్లు దాటడం మామూలైపోయింది. పైగా కొన్ని రాత్రులు పరుగెత్తిన తర్వాత దాన్ని విప్పి భాగాలు మార్చక తప్పదు. నాక్స్‌విల్ నేషనల్స్ విజేతకు లక్షన్నర డాలర్లకు మించి దక్కవచ్చు గానీ, ఊరి ట్రాకు మీద వారం వారం జరిగే పోటీలో గెలిచినవాడికి దక్కేది కొన్ని వేల డాలర్లు మాత్రమే. సొంత గ్యారేజీలో, సొంత జీతంతో కారు నడుపుకునే కుటుంబాలే ఈ క్రీడకు వెన్నెముక అన్న సంగతి గుర్తుంచుకుంటే, ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరం ఎంత బాధాకరమో అర్థమవుతుంది.

ఇంత ఖర్చు చోటుచేసుకున్న దగ్గర అనుమానం కూడా చేరుతుంది. ఒక కారు తిన్నని దారిలో మిగిలినవాటిని వరుసగా దాటేస్తే, దాని ఇంజన్ 410 కంటే పెద్దదన్న మాట పిట్స్‌లో, అంటే జట్లు కార్లను సిద్ధం చేసుకునే ఆవరణలో, నిమిషాల్లో పాకిపోతుంది. ఆ అనుమానానికి ఎంత విలువ ఇవ్వాలో తేల్చడానికి చిన్న లెక్క చాలు. సిలిండర్ వ్యాసం సుమారు 105.8 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం సుమారు 95.5 మిల్లీమీటర్లు అయితే ఎనిమిది సిలిండర్లకూ కలిపి దాదాపు 410 ఘనపుటంగుళాలు వస్తుంది. ఎవరైనా దొంగచాటుగా ఒక్కో సిలిండర్ వ్యాసాన్ని పూర్తి మిల్లీమీటరు పెంచారనుకుంటే సామర్థ్యం సుమారు 8 ఘనపుటంగుళాలు, అంటే రెండు శాతం కంటే కాస్త తక్కువ పెరుగుతుంది. శక్తి కూడా అదే నిష్పత్తిలో పెరిగితే అదనంగా వచ్చేది పదిహేడు, పద్దెనిమిది హార్స్‌పవర్. ఇప్పుడు ఆ శక్తిని నేల మీదికి దించే టైరు సంగతి చూడాలి. మలుపు నుంచి బయటపడుతున్న కారు గంటకు 144 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 40 మీటర్ల వేగంతో ఉందనుకుంటే, 900 హార్స్‌పవర్ మొత్తం చక్రాలకు చేరిన పక్షంలో అవి నేలను వెనక్కి నెట్టాల్సిన బలం సుమారు 16,800 న్యూటన్లు. కారు మొత్తం బరువు 6,200 న్యూటన్లు మాత్రమే. రెక్క గాలిని పైకి మళ్ళించి కారును నేలకు అదిమే బలం మరో అంత ఉందని ఉదారంగా ఒప్పుకున్నా, ఆ శక్తిని జారకుండా వాడుకోవాలంటే ఘర్షణ గుణకం, అంటే అదిమే బలానికీ పట్టుకునే బలానికీ ఉన్న గరిష్ఠ నిష్పత్తి, 1.3 దాటాలి. ఎండి నున్నబడిన మట్టి మీద అది ఒకటికి కూడా చేరదు. అంటే డ్రైవరు ఉన్న శక్తినే పూర్తిగా వాడుకోలేక యాక్సిలరేటర్‌ను వెనక్కి తీస్తున్నాడు. అతని ఇంజన్‌లో మరో పద్దెనిమిది హార్స్‌పవర్ ఉన్నా లేకపోయినా ఆ చోట తేడా రాదు.

సాయంత్రం పూట ట్రాకు ఇంకా తడిగా, జిగటగా ఉన్నప్పుడు, పొడవైన ట్రాకుల మీద తిన్నని దారి చివర, అదనపు శక్తికి విలువ ఉంటుంది. దాన్ని కాదనడం న్యాయం కాదు. అయితే రాత్రి గడిచి, అసలు ఫైనల్ పోటీ వచ్చేసరికి ట్రాకు చాలా వరకు నున్నబడి ఉంటుంది. అప్పుడు టైరు పట్టు రెండు శాతం పెరిగితే ఏమవుతుందో లెక్క వేస్తే ఆశ్చర్యకరమైన ఫలితం వస్తుంది. మలుపులో సాధ్యమయ్యే వేగం ఘర్షణ గుణకపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది కాబట్టి ఆ వేగం ఒక శాతం పెరుగుతుంది. చుట్టుకు పదిహేను సెకన్లు పట్టే అరమైలు ట్రాకులో సగం సమయం మలుపుల్లోనే గడుస్తుందనుకున్నా, 50 చుట్ల ఫైనల్‌లో మూడున్నర సెకన్లకు పైగా ఆదా అవుతుంది. ఆ సమయంలో కారు ట్రాకులో దాదాపు పావు వంతు దూరం వెళ్ళిపోతుంది. గర్జించే ఇంజన్ మీద అందరి చెవులూ ఉంటాయి. లాభం మాత్రం నేలను అంటి ఉన్న రబ్బరు దగ్గర దాగి ఉంటుంది. ఈ తేడాను గుర్తించని తనిఖీ వ్యవస్థ తన శ్రమనంతా తప్పు చోట ధారపోస్తుంది.

విచిత్రమేమిటంటే, ఇంజన్‌ను కొలవడం సాపేక్షంగా తేలిక. పోటీ ముగిశాక అధికారులు ఒక సిలిండర్ వాల్వులను కదిలించే కడ్డీలను విప్పేసి, అవి మూసుకునే ఉండేట్లు చేసి, స్పార్క్ ప్లగ్ తీసిన రంధ్రానికి ఒక కొలపాత్రను బిగించి ఇంజన్‌ను నెమ్మదిగా తిప్పుతారు. పిస్టన్ పైకి నెట్టిన గాలి కొలపాత్రలోని మరో పిస్టన్‌ను ఎంత ఎత్తుకు లేపిందో చూస్తే ఆ సిలిండర్ పరిమాణం తెలుస్తుంది. దీన్ని అక్కడివారు ఇంజన్‌ను ‘పంప్ చేయడం’ అంటారు. ఇంజన్ విప్పకుండా, కొద్ది నిమిషాల్లో అయిపోయే పని ఇది. అయితే ఇక్కడా ఒక చిక్కుంది: వేడెక్కిన లోహం వ్యాకోచిస్తుంది. ఇంజన్ చల్లబడక ముందే కొలిస్తే నిక్కచ్చిగా 410 ఉన్న ఇంజన్ కూడా ఒకటి రెండు ఘనపుటంగుళాలు ఎక్కువ చూపించగలదు. అందువల్ల చల్లబడేదాకా ఆగడమో, కొంత సడలింపు ఇవ్వడమో తప్పదు. ఆ సడలింపును చివరి గీత దాకా వాడుకునే ఇంజన్ తయారీదారు ఉంటాడు, అతన్ని దొంగ అనడం కుదరదు.

కింది తరగతుల్లో కంప్రెషన్ నిష్పత్తికి కూడా పరిమితి పెట్టే పద్ధతి ఉంది. పిస్టన్ అడుగున ఉన్నప్పుడు సిలిండర్‌లో ఉండే చోటుకూ, అది పైకి చేరినప్పుడు మిగిలే చోటుకూ మధ్య నిష్పత్తి ఇది. దీన్ని కొలిచే పరికరాల్లో ఒకటి శబ్దంతో పనిచేస్తుంది. ఖాళీ సీసా మూతి మీదుగా ఊదితే ఈల లాంటి ధ్వని వస్తుంది, సీసాలో నీళ్ళు పోసిన కొద్దీ ఆ ధ్వని స్థాయి పెరుగుతుంది. లోపలి ఖాళీ తగ్గితే పౌనఃపున్యం, అంటే సెకనుకు కలిగే కంపనాల సంఖ్య, పెరుగుతుంది. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్‌జ్ 19వ శతాబ్దంలో వివరించిన ఈ సూత్రం ప్రకారం పౌనఃపున్యం ఖాళీ ఘనపరిమాణపు వర్గమూలానికి విలోమంగా ఉంటుంది. 305 ఘనపుటంగుళాల ఇంజన్‌లో ఒక్కో సిలిండర్‌కు సుమారు 625 మిల్లీలీటర్లు వస్తాయి. కంప్రెషన్ నిష్పత్తి 9.5 అయితే పిస్టన్ పైన మిగిలే చోటు 73.5 మిల్లీలీటర్లు, 10.5 అయితే 65.8 మిల్లీలీటర్లు. ఎనిమిది మిల్లీలీటర్లకైనా చేరని ఈ తేడా ధ్వనిలో ఆరు శాతం మార్పుగా, అంటే పక్కపక్కనున్న రెండు స్వరస్థానాల మధ్య ఉండే అంతరంగా బయటపడుతుంది. లోహపు గోడల వెనక దాచిన మార్పును ఇంజన్ విప్పకుండానే స్వరం పట్టి ఇస్తుంది. క్రీడల్లో ధ్వనిశాస్త్రం ఇంత అందంగా ఉపయోగపడే సందర్భాలు అరుదు.

ఇంధనం విషయానికి వస్తే, ఈ కార్లు పెట్రోలు కాక మిథనాల్ అనే ఆల్కహాలును వాడతాయి. ఒక కిలో పెట్రోలుకు పద్నాలుగున్నర కిలోలకు పైగా గాలి కావాల్సిన చోట మిథనాల్‌కు ఆరున్నర కిలోలలోపే సరిపోతుంది కాబట్టి, అదే గాలితో ఎక్కువ ఇంధనం మండించవచ్చు. పైగా అది ఆవిరయ్యేటప్పుడు లోపలికి వచ్చే గాలిని బాగా చల్లబరుస్తుంది. దీనికి నైట్రోమీథేన్‌ను కలపడం నిషిద్ధం. తన అణువులోనే ఆక్సిజన్‌ను మోసుకువచ్చే ఆ ద్రవం గాలి చాలని చోట కూడా మండుతుంది. మన పెట్రోలు బంకుల్లో వినియోగదారుడు అడిగి చేయించుకోగల సాంద్రత పరీక్షే ఇక్కడా మొదటి పరీక్ష. మిథనాల్ సాంద్రత 20 డిగ్రీల వద్ద 0.79, నైట్రోమీథేన్‌ది 1.14, అయిదు శాతం కలిపితే మిశ్రమం 0.81కి చేరుతుంది, తేలే గాజు హైడ్రోమీటర్ ఆ తేడాను చూపిస్తుంది. కానీ ఉష్ణోగ్రత పది డిగ్రీలు మారితే మిథనాల్ సాంద్రత తనంతట తానే ఇందులో సగం మేర మారుతుంది కనుక థర్మామీటర్ లేని హైడ్రోమీటర్ అమాయకుణ్ణి దోషిగా నిలబెట్టగలదు. తెలివైన మోసగాడు బరువైన దానితోపాటు తేలికైన హైడ్రోకార్బన్‌ను కూడా కలిపి సాంద్రతను మళ్ళీ 0.79కి తెస్తాడు. అప్పుడు కొంచెం నీళ్ళు కలిపి చూస్తే మిథనాల్ నీళ్ళలో పూర్తిగా కలిసిపోతుంది, హైడ్రోకార్బన్ మాత్రం విడిపోయి ద్రవాన్ని పాలలా తెల్లబరుస్తుంది. ఒక్కో పరీక్షను తప్పించుకోవచ్చు గానీ, భిన్నమైన సూత్రాల మీద నడిచే రెండు పరీక్షలను ఒకేసారి తప్పించుకోవడం కష్టం. మిథనాల్ మంట పగటి వెలుగులో కంటికి దాదాపు ఆనదు కాబట్టి, పిట్స్‌లో మంటలార్పే సిబ్బందికి ట్యాంకులో ఏముందో కచ్చితంగా తెలియడం ప్రాణాలకు సంబంధించిన విషయం కూడా.

టైరు దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోతుంది. రబ్బరు అంటే పొడవాటి అణుగొలుసుల చిక్కు. వాటి మధ్యకు చొచ్చుకుపోయే ద్రావకాలనూ మెత్తబరిచే రసాయనాలనూ పూసినా, వాటిలో నానబెట్టినా ఆ గొలుసులు ఒకదానిమీద ఒకటి తేలికగా కదులుతాయి, రబ్బరు మెత్తబడి నేలలోని చిన్న చిన్న ఎగుడుదిగుళ్ళను పట్టుకుంటుంది. డ్యూరోమీటర్ అనే చిన్న పరికరపు సూదిని రబ్బరులోకి గుచ్చి ఎంత లోతు దిగిందో చూస్తే మెత్తదనం తెలుస్తుంది. అయితే వేడెక్కిన టైరు ఎలాగూ మెత్తబడుతుంది. పైగా పైపొర గట్టిదనాన్ని పెద్దగా మార్చకుండానే పట్టు పెంచుతాయని చెప్పుకునే రసాయనాలు కూడా ఉన్నాయి. ఆవిరయ్యే రసాయనాల జాడను గాలిలో పసిగట్టే పరికరాలను కొన్ని మోటారు క్రీడల్లో వాడుతున్నారు, కానీ చక్రం తుడిచిన గుడ్డ మీది ద్రావకమూ, చిందిన ఇంధనమూ వాటికి ఒకే తీరున కనిపిస్తాయి. నమ్మదగిన పద్ధతి ఒకటే. టైరు నుంచి చిన్న ముక్క కోసి, సంచిలో పెట్టి సీలు వేసి, ప్రయోగశాలకు పంపాలి. అక్కడ గ్యాస్ క్రొమటోగ్రఫీ ద్వారా అందులోని పదార్థాలను ఒక్కొక్కటిగా విడదీసి, మాస్ స్పెక్ట్రోమీటర్‌తో వాటి అణువులను గుర్తించి, తయారీదారు ఇచ్చిన కల్తీలేని నమూనాతో పోల్చి చూడాలి. దీనికి డబ్బు కావాలి, రోజులూ వారాలూ కావాలి. ఆ రాత్రే బహుమతి అందుకుని, మర్నాడు మరో రాష్ట్రంలో పోటీకి బయలుదేరాల్సిన జట్టుకు ఈ నిరీక్షణ పెద్ద శిక్ష. నిర్దోషి అని తేలినా, తేలే లోపు దొర్లిన మాటలు వెనక్కి రావు.

ట్రాక్షన్ కంట్రోల్ మీద ఉన్న అనుమానం దీనికంటే మొండిది. చక్రాలు జారడం మొదలవగానే ఇంజన్ వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ పెరుగుదలను గుర్తించి కొన్ని నిప్పురవ్వలను ఆపేసి శక్తిని క్షణకాలం తగ్గించే ఎలక్ట్రానిక్ పరికరం ఇది. ఎనిమిది సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 8,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 533 రవ్వలు పుడతాయి, అంటే రవ్వకూ రవ్వకూ మధ్య రెండు మిల్లీసెకన్ల కంటే తక్కువ వ్యవధి. మనిషి పాదం స్పందించడానికి దానికి వంద రెట్లు పడుతుంది. అందుకే దీన్ని నిషేధించారు. దీన్ని పట్టుకోవడానికి ప్రేక్షకులూ ప్రత్యర్థులూ ఎక్కువగా నమ్ముకునేది చెవిని: మలుపు చివర ఇంజన్ తడబడినట్లు వినిపిస్తే అనుమానం మొదలవుతుంది. అదే శబ్దం ఇంధనం ఎక్కువై స్పార్క్ ప్లగ్ తడిసినా వస్తుంది, డ్రైవరు పాదాన్ని సున్నితంగా ఆడించినా వస్తుంది. స్టీవ్ కిన్సర్ వరల్డ్ ఆఫ్ అవుట్‌లాస్ చాంపియన్‌షిప్‌ను 20 సార్లు గెలిచాడు. నున్నబడిన ట్రాకు మీద అలాంటి డ్రైవర్లు చూపే పాదనైపుణ్యానికీ యంత్రం చేసే పనికీ తేడాను చెవి చెప్పలేదు. నిజంగా ఉపయోగపడేది, రవ్వలను పుట్టించే ఏర్పాటును మాగ్నెటో స్థాయిలో సరళంగా ఉంచడం. బ్యాటరీ అవసరం లేకుండా తన కరెంటును తానే పుట్టించుకునే ఈ పరికరానికి వైర్లు చాలా తక్కువ కనుక, అదనంగా కనిపించిన ప్రతి వైరూ జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

అనుమానం ఎలా పెరుగుతుందో తెలుసుకోవడానికి పక్క క్రీడలోని ఒక ప్రసిద్ధ కథను లెక్కలో పెట్టి చూడటం మంచిది. స్టాక్ కారు పందేల్లో పేరుమోసిన మెకానిక్ స్మోకీ యూనిక్, ట్యాంకు పరిమాణానికే తప్ప ఇంధన గొట్టానికి పరిమితి లేదని గమనించి, రెండు అంగుళాల వ్యాసం, 11 అడుగుల పొడవు గల గొట్టం పెట్టి అయిదు గ్యాలన్లు, అంటే 19 లీటర్లు, అదనంగా దాచాడని దశాబ్దాలుగా చెప్పుకుంటున్నారు. ఆ కొలతలతో గొట్టంలో పట్టేది ఏడు లీటర్లకు లోపే. అయిదు గ్యాలన్లు పట్టాలంటే వ్యాసం మూడు అంగుళాలు దాటాలి. అతని చాతుర్యం నిజమే కావచ్చు, కానీ అంకె మాత్రం నోటి నుంచి నోటికి పెరిగింది. పిట్స్‌లో పాకే మాటల్లో ఎన్ని ఇలాంటివో ఎవరూ టేపు పెట్టి కొలవరు. అయినా వాటిని నమ్మిన ప్రతి జట్టూ పోటీదారుడి దగ్గర లేని బలాన్ని అందుకోవడానికి మరో ఖరీదైన ఇంజన్ కొంటుంది. వచ్చే ఏడాది ఆ కొత్త ఇంజనే ఇంకొకరి అనుమానానికి కారణమవుతుంది.

ఈ చక్రాన్ని ఆపడానికి క్రీడ కొన్ని ఉపాయాలు కనిపెట్టింది. ప్రత్యర్థి ఇంజన్ మీద ఫిర్యాదు చేయదలచినవాడు ముందుగా డబ్బు కట్టాలి, ఇంజన్ సక్రమమని తేలితే ఆ సొమ్ము దాన్ని విప్పించుకున్నవాడికి దక్కుతుంది. దీనివల్ల నోటి అనుమానానికి ఒక ధర ఏర్పడుతుంది. మరికొన్ని విభాగాల్లో ఓడినవాడు ముందే నిర్ణయించిన తక్కువ ధర చెల్లించి గెలిచినవాడి ఇంజన్‌ను సొంతం చేసుకోవచ్చు. అమ్మక తప్పదని తెలిసినప్పుడు ఎవరూ అందులో లక్షలు పోయరు. కంపెనీలోనే బిగించి సీలు వేసిన ఇంజన్లు ఇంకో మార్గం, అయితే సీలు బోల్టులకే నకిలీలు తయారైన ఉదంతాలు మట్టి ట్రాకుల ప్రపంచంలో ఉన్నాయి. అన్నింటిలోకీ మెచ్చుకోదగినది 360 తరగతిలో అమెరికన్ స్ప్రింట్ కార్ సిరీస్ పాటించిన పద్ధతి: ముద్ర వేసిన ప్రత్యేక సిలిండర్ హెడ్లను తప్పనిసరి చేసి, గాలి లోపలికి వెళ్ళే ఇంజెక్టర్ గొట్టాల వ్యాసాన్ని 2 3/16 అంగుళాలకు, అంటే దాదాపు 55.6 మిల్లీమీటర్లకు పరిమితం చేసింది. గాలి దారి ఇరుకైతే ఎంత వేగంగా తిప్పినా శక్తి ఒక హద్దు దాటదు, కాబట్టి వేగం కోసం టైటానియం కొనాల్సిన ఆత్రం తగ్గుతుంది; దాన్ని పరీక్షించడానికి సరైన కొలతతో చేసిన లోహపు బిళ్ళను గొట్టంలో దూర్చి చూస్తే చాలు, క్షణాల్లో తేలిపోతుంది.

టైర్ల విషయంలోనూ ఇలాంటి మార్గం భౌతికశాస్త్రంలోనే ఉంది. రబ్బరులోకి రసాయనం వ్యాపించే లోతు గడిచిన కాలపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. రెట్టింపు లోతు కావాలంటే నాలుగు రెట్ల సమయం ఆగాలి. టైరు రెండు రోజులు జట్టు చేతిలో ఉంటే రసాయనం దిగే లోతులో, రెండు గంటలే ఉన్నప్పుడు దిగేది అయిదో వంతు మాత్రమే, ఆ పలుచని పొర కొన్ని చుట్లలోనే అరిగిపోయే అవకాశం ఉంది. ఫైనల్‌కు ముందు నిర్వాహకులే గుర్తు వేసిన టైర్లను చీటీ తీసి పంచి, వాటిని కారుకు బిగించేదాకా కళ్ళెదుటే ఉంచగలిగితే, ప్రయోగశాలకు వెళ్ళాల్సిన ముక్కల్లో చాలా భాగం కోయనక్కరే ఉండదు. పెద్ద పోటీలకు ఇది భారం కాదు. వారాంతంలో పాతిక కార్లు వచ్చే ఊరి ట్రాకుకు మాత్రం అన్ని టైర్లను నిల్వ చేయడం, వాటికి కాపలా పెట్టడం తలకు మించిన ఖర్చు, అక్కడ ఇప్పటికీ అధికారి చేతిలో ఉండేది డ్యూరోమీటర్ ఒక్కటే.